మూడు మిల్లీమీటర్ల బద్దలతో ఒక లాంతరు



జపాన్‌లో ఎడో కాలం అని ఒకటుంది. 1603 నుంచి 1868 దాకా షోగన్‌లనే సైన్యాధిపతులు పాలించిన రోజులు. ఆ రోజుల్లో దయ్యాల కథలు చెప్పుకోవడానికి కూడా ఒక పద్ధతి ఉండేది. రాత్రిపూట పదిమందీ ఒక ఇంట్లో చేరతారు. దీపానికి నీలం కాగితం అంటిస్తారు. దానిలో నూరు వత్తులు వేస్తారు. ఒక కథ పూర్తికాగానే ఒక వత్తి ఆర్పుతారు. కథలు నడిచేకొద్దీ గదిలో చీకటి పెరుగుతూ ఉంటుంది. నూరో వత్తి కూడా ఆరిపోతే నిజంగానే ఏదో వచ్చి కూర్చుంటుందని నమ్మకం. అందుకని తొంభై తొమ్మిదో కథ దగ్గరే ఆపేసి, తెల్లారేదాకా మేలుకుని ఉండేవారట. భయపడటానికి ఇంత శ్రద్ధగా ఏర్పాట్లు చేసుకున్నవాళ్లు ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు. ఆ గదిలో వెలిగే దీపాన్ని అండోన్ అంటారు. ఈ రోజు నేను మాట్లాడబోయేది దయ్యాల గురించి కాదు, ఆ అండోన్ గురించి. దాన్ని చేతి పనిముట్లతో ఎలా చేస్తారు, ఆ పనిలో అసలు కష్టం ఎక్కడుంది అన్నదాని గురించి.

అండోన్ అంటే పెద్ద సంగతేమీ కాదు. ఒక చెక్క చట్రం, దాని చుట్టూ కాగితం, లోపల నూనె గిన్నె. ఒక పక్క మాత్రం తలుపులాగా పైకి లేస్తుంది, నూనె పోయడానికి, వత్తి ఎగదోయడానికి. వత్తి మన పత్తి వత్తి కాదు. ఒక రకం తుంగ కాడను చీల్చి లోపలి మెత్తటి బెండును తీసి వాడేవారు. నూనె విషయంలో కలిగినవాళ్లకూ లేనివాళ్లకూ తేడా ఉండేది. కలిగినవాళ్లు ఆవ జాతి గింజల నూనె పోసేవారు. లేనివాళ్లకు కవళ్ల లాంటి చిన్న చేపల నూనే గతి. పొగ, కంపు సరేసరి. పైగా ఆ వాసనకు ఇంట్లో పిల్లి వచ్చి గిన్నె నాకేది. వెనక కాళ్ల మీద లేచి నిలబడిన పిల్లి నీడ కాగితం మీద పడితే చూసేవాళ్లకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. జపాన్‌లో దీపం నూనె నాకే మాయ పిల్లుల కథలకు ఇదే మూలమని చెబుతారు.

తర్వాత కిరసనాయిలు దీపం వచ్చింది, కరెంటు వచ్చింది. అండోన్ ఇళ్లలోంచి సత్రాల్లోకి, హోటళ్ల గుమ్మాల్లోకి మారింది. కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసే శ్రోతలకు ఈ పేరు ఇంకోలా పరిచయం ఉండి ఉంటుంది. లైనులో ఎక్కడైనా తేడా వస్తే వెలిగే సూచనల బోర్డుకు టయోటావాళ్లు పెట్టిన పేరు కూడా అండోనే.

ఇప్పుడు అలంకారం కోసం చేసే అండోన్లలో పాత సాదా పుల్లల బదులు కుమికో అనే జాలీ పని కనిపిస్తుంది. సన్నటి చెక్క బద్దలను ఒకదానిలో ఒకటి ఇరికించి నక్షత్రాలు, పూలు, తాబేటి చిప్పలు వచ్చేలా అల్లడమే కుమికో. జపాన్ ఇళ్లలో కాగితపు జరుపుడు తలుపులుంటాయి కదా, వాటిని షోజీ అంటారు. ఆ తలుపుల కోసం, వాటి పైన గాలి ఆడే జాలీల కోసం పెరిగిన విద్య ఇది. తొచిగి ప్రాంతంలో కనుమా అనే ఊరు, క్యూషూ దీవిలో ఒకావా అనే ఊరు ఈ పనికి పేరుపడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో అపార్ట్‌మెంట్లు వచ్చి, కాగితపు తలుపులు తగ్గిపోయి, ఈ వడ్రంగులకు పని సన్నగిల్లింది. దాంతో వాళ్లు దీపాల వైపు, గోడ అలంకారాల వైపు మళ్లారు. క్యూషూలో 2013లో సెవెన్ స్టార్స్ అనే విలాసాల రైలు మొదలైంది. దాని పెట్టెల లోపల ఒకావా వడ్రంగుల కుమికో పనే కనిపిస్తుంది.

ఇక్కడ నాకు నచ్చని ఒక మాట చెప్పాలి. కుమికో అనగానే ఎవరైనా ముందు చెప్పేది, ఒక్క మేకు కూడా లేకుండా చేస్తారండీ అని. వీడియోల్లో కూడా అదే ఊదరగొడతారు. మేకు వాడకపోవడం ఏదో వ్రతం అన్నట్టు. నిజానికి జపాన్ వడ్రంగులకు మేకులతో పగ ఏమీ లేదు. ప్రపంచంలో నిలిచి ఉన్న అతి పాత చెక్క కట్టడాలు నారా దగ్గరున్న హోర్యూజీ ఆలయంలో ఉన్నాయి. వాటిలో ఇనుప మేకులున్నాయి. ఆ ఆలయాన్ని మరమ్మతు చేసిన పెద్ద వడ్రంగి నిషియోకా త్సునెకాజు, పాతకాలపు కమ్మరి కొట్టిన మేకు ఇప్పటి మేకు కంటే ఎన్ని రెట్లు మేలో పదేపదే చెప్పేవారు. మరి కుమికోలో మేకు ఎందుకు లేదంటారా? బద్ద మందం మూడు మిల్లీమీటర్లు. దానిలో మేకు దిగేస్తే రెండుగా చీలుతుంది. కారణం అంతే. జిగురు సంగతీ అంతే. చాలామంది నిపుణులు చట్రం గాడుల్లో ఒక చుక్క వేస్తారు, దాచుకోరు కూడా. గొప్పతనం ఉన్నది మేకు లేకపోవడంలో కాదు. వందల ముక్కలు అచ్చంగా ఒకే మందం, ఒకే పొడవు, ఒకే కోణం వచ్చేలా చేతితో చేయడంలో ఉంది. అది కళ్లకు కనిపించదు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

చెక్కతో మొదలుపెడదాం. జపాన్‌లో ఈ పనికి హినోకి, సుగి అనే చెట్లు వాడతారు. రెండూ సైప్రస్ కుటుంబపు చెట్లే, మెత్తటి కలప. కిసో లోయలో పెరిగే హినోకికి అక్కడ ఎంత గౌరవమంటే, ఇసే మహాలయాన్ని ఇరవై ఏళ్లకోసారి కొత్తగా కట్టేటప్పుడు ఆ కలపే తెస్తారు. పోయినసారి 2013లో కట్టారు, మళ్లీ 2033లో కడతారు. కుమికోకు కావలసిన చెక్కలో ముడి ఉండకూడదు. నార తిన్నగా ఉండాలి. ఏడాది వలయాలు దగ్గరదగ్గరగా ఉండాలి, అంటే చెట్టు నిదానంగా పెరిగి ఉండాలి. మన దగ్గర టేకు ఉంది కదా అని మీకు తోచవచ్చు. టేకు చట్రానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. బద్దలకు మాత్రం నేను దాన్ని ఎంచుకోను. టేకులో సహజంగా ఇసుక లాంటి సిలికా ఉంటుంది, పనిముట్ల పదును ఇట్టే తినేస్తుంది. మన ఊళ్లలో సులభంగా దొరికేది పైన్ చెక్క. విదేశాల నుంచి యంత్రాలు వచ్చే పెట్టెల చెక్కలోనే వెతికితే నార తిన్నగా ఉన్న ముక్కలు దొరుకుతాయి. పాత కలప అడితీల్లో ఆ చెక్క తక్కువ ధరకే ఇస్తారు.

మెత్తటి చెక్క అంటే సులువైన పని అనుకుంటారు. ఇది తలకిందుల లెక్క. గట్టి చెక్క మీద పదును కాస్త తగ్గిన ఉలితోనైనా నెట్టుకురావచ్చు. మెత్తటి చెక్క ఆ తప్పును క్షమించదు. పైన్ బద్ద చివర, నారకు అడ్డంగా ఉలి పెట్టి కోయండి. ఉలికి పదునుంటే కోసిన చోటు నున్నగా మెరుస్తుంది, వలయాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. పదును లేకపోతే చెక్క తెగదు, నలుగుతుంది. లేత వలయాలు లోపలికి కుంగి, ముదురు వలయాలు గట్లుగా మిగిలి, వేలితో తడిమితే గరగరలాడుతుంది. అలా నలిగిన చివరలు రెండు కలిపితే మధ్య సందు పడుతుంది. దీపం వెలిగించినప్పుడు ఆ సందులోంచి తెల్లటి గీత కనిపిస్తుంది. ఇంకెవరూ చూడకపోయినా చేసినవాడి కన్ను మాత్రం ప్రతి రాత్రీ అక్కడికే పోతుంది.

అందుకే జపాన్ వడ్రంగి పనిలో సగం సానరాయి దగ్గరే జరుగుతుంది. వాళ్ల ఉలి, చిత్రిక అలుగు రెండు లోహాలతో ఉంటాయి. ఒళ్లంతా మెత్తటి ఇనుము, దానికి ఒక పక్క కొలిమిలో అతికిన గట్టి ఉక్కు పలుచటి పొర. ఉక్కు గట్టిది కాబట్టి పదును చాలాసేపు నిలుస్తుంది. ఇనుము మెత్తనిది కాబట్టి సాన పట్టడం తేలిక, దెబ్బకు విరగదు. సానరాళ్లకు నూనె కాదు, నీళ్లు వాడతారు. ముందు గరుకు రాయి, తర్వాత నడిమి రాయి, చివరికి అద్దంలా మెరిపించే సన్నరాయి. రాయి మధ్యలో గుంట పడితే పదును వంకర పోతుంది, కాబట్టి రాయిని కూడా ఎప్పటికప్పుడు చదును చేసుకోవాలి. అక్కడ చిత్రిక పట్టడంలో పోటీలు జరుగుతాయి, ఎవరి పొర ఎంత పలుచగా వస్తుందని. మామూలు కాగితం మందం దాదాపు 100 మైక్రాన్లుంటుంది. ఆ పోటీల్లో ముందు నిలిచే పొర పది మైక్రాన్లు కూడా ఉండదు. ఇది సరదా పోటీయే అనుకోండి. కానీ అంత పదును ఉన్న చిత్రిక నడిచిన చెక్కకు గరుకు కాగితం రుద్దే పనుండదు, పాలిషూ అక్కరలేదు. కుమికో బద్దలకు ఏ పూతా వేయకపోవడానికి కారణం అదే.

రంపం, చిత్రిక రెండింటినీ జపాన్‌లో తమ వైపు లాగి వాడతారు. మన బజారులో దొరికే మామూలు చేతిరంపం నెట్టినప్పుడు కోస్తుంది. నెట్టినప్పుడు రేకు వంగకుండా ఉండాలంటే మందంగా ఉండక తప్పదు. లాగినప్పుడు రేకు దానంతట అదే బిగుస్తుంది, కాబట్టి ఎంతో పలుచగా చేయవచ్చు. సన్నపు పనికి వాడే దోజుకి అనే రంపం రేకు మందం మిల్లీమీటరులో మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. గాడి ఎంత సన్నగా పడితే కోతలో తప్పు జరిగే చోటూ అంత తగ్గుతుంది. ఇప్పుడు ఈ లాగుడు రంపాలు ఆన్‌లైన్‌లో మన దగ్గరా దొరుకుతున్నాయి. ఒక్క పనిముట్టే కొనాలనుకునేవాళ్లు అది కొనుక్కుంటే చాలు.

ఇక బద్దలు. వెడల్పు 12 మిల్లీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. ముందు కొంచెం లావుగానే కోసుకోవాలి. తర్వాత ఒక చదునైన బల్ల మీద సరిగ్గా 3 మిల్లీమీటర్ల ఎత్తున్న గట్టి చెక్క పట్టీలు రెండు, దారిలాగా అతికించాలి. బద్దను వాటి మధ్య పడుకోబెట్టి చిత్రిక నడిపిస్తే, చిత్రిక అంచులు పట్టీల మీద ఎక్కేదాకా బద్ద తరుగుతుంది. ఎక్కాక ఇక తరగదు. కొలిచే పని లేదు. స్కేలు పెట్టి ఒక్కో బద్ద కొలుచుకుంటూ కూర్చుంటే రెండోదానికీ ఇరవయ్యోదానికీ తేడా తప్పదు. ఈ పనిలో నాకు బాగా నచ్చేది ఇదే. కొలతను కంటికి అప్పగించరు, పనిముట్టులోనే బిగించేస్తారు. గీతలు కూడా పెన్సిలుతో గీయరు. పెన్సిలు గీతకు మందం ఉంటుంది, దానికి ఏ పక్కన కోయాలన్న సందేహం వస్తుంది. కత్తి మొనతో గీస్తే రంపం దానంతట అదే ఆ గీతలో కూర్చుంటుంది.

తర్వాత గళ్లు. గాజు సీసాల అట్టపెట్టె విప్పి చూడండి. లోపల అట్టముక్కలకు సగం దాకా గాట్లు పెట్టి, నిలువువి అడ్డవి ఒకదానిలో ఒకటి దూర్చి గళ్లు చేసి ఉంటారు. కుమికోలో మొదటి అల్లిక అచ్చం అదే. 12 మిల్లీమీటర్ల బద్దలో 6 మిల్లీమీటర్ల లోతు గాడి, దాని వెడల్పు బద్ద మందమంత. గాడి వదులైతే అల్లిక ఊగుతుంది, బిగువైతే బద్ద పగులుతుంది. కావలసిన బద్దలన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చి, రెండు పక్కలా బిగించి, అన్నింటి మీదుగా ఒకేసారి రంపం లాగుతారు. అప్పుడు తప్పు జరిగినా అన్నింటిలోనూ ఒకేలా జరుగుతుంది. అల్లికకు అది ఇబ్బంది కాదు.

ఇప్పుడు అసలు అందం. రేడియోలో బొమ్మ చూపించే వీలు లేదు కాబట్టి, దగ్గర కాగితం, పెన్సిలు ఉన్నవాళ్లు ఒక చదరం గీయండి. ఒక మూల నుంచి ఎదుటి మూలకు కర్ణం గీయండి. చదరం రెండు త్రిభుజాలైంది. ఒక త్రిభుజం తీసుకోండి. మూడు భుజాలకూ సమదూరంలో ఉండేలా లోపల ఒక చుక్క పెట్టండి. మూడు మూలల నుంచీ ఆ చుక్కకు గీతలు కలపండి. రెండో త్రిభుజంలోనూ అలాగే చేయండి. పక్క చదరాల్లో కర్ణం దిశ మార్చుకుంటూ ఇదే గీస్తూ పోతే, మూలలు కలిసేచోట నక్షత్రాలు విచ్చుకుంటాయి. దీన్ని అసనోహా అంటారు. ప్రతి గీతా ఒక బద్ద ముక్క. చదరానికి ఏడు ముక్కలు. కర్ణం ఒకటి, సన్న మూలల నుంచి వచ్చే పొడుగు ముక్కలు నాలుగు, లంబకోణపు మూల నుంచి వచ్చే పొట్టి ముక్కలు రెండు. ఒక పక్కన వెడల్పులో నాలుగు చదరాలు, ఎత్తులో ఆరు ఉంటే ఇరవై నాలుగు చదరాలు. అంటే 168 ముక్కలు. నాలుగు పక్కలకూ 672. ప్రతి ముక్కకూ రెండు చివరలు, చాలా చివరలకు రెండేసి వాలు కోతలు.

ఇన్ని కోతలకు మూడే కోణాలు. 45 డిగ్రీలు, దానిలో సగం 22.5, ఆ రెండూ కలిపితే 67.5. ఒక్కో కోణానికి ఒక్కో చెక్క దిమ్మ చేసుకుంటారు. దిమ్మలో బద్ద పట్టేంత గాడి, గాడి చివర ఆ కోణంలో వాలు. బద్దను గాడిలో పెట్టి కొన కాస్త బయటికి జరిపి, ఉలి వీపును వాలు మీద ఆనించి జారిస్తే కోత పూర్తి. కోణం మనిషి చేతిలో లేదు, దిమ్మలో ఉంది. మనిషి చేతిలో ఉన్నది పొడవు. ఒక ముక్క వెంట్రుకవాసి పొడుగైతే అల్లిక ఉబ్బుతుంది, వెంట్రుకవాసి పొట్టిదైతే జారి పడుతుంది. ముందు కర్ణం దిగుతుంది. తర్వాత పొడుగు ముక్కలు ఒకదానికొకటి ఒరిగి నిలబడతాయి. అప్పటిదాకా అన్నీ కదులుతూనే ఉంటాయి. చివరికి పొట్టి ముక్కను మూలలో పెట్టి బొటనవేలితో నొక్కితే చిన్నగా టక్కుమంటుంది. అంతే, ఆ త్రిభుజం మొత్తం బిగుసుకుపోతుంది. జాలీని తలకిందులు చేసి దులిపినా ఒక్కటీ రాలదు. ముక్కలన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడటం తప్ప అక్కడ వేరే పట్టేమీ లేదు.

అసనోహా అంటే నార కోసం పెంచే గంజాయి జాతి మొక్క ఆకు. పేరు విని ఉలిక్కిపడకండి. పత్తి రాకముందు జపాన్‌లో సామాన్యుల బట్టలన్నీ ఆ నారతోనే నేసేవారు. ఆ మొక్క ఎరువు పెద్దగా అడగకుండా నిటారుగా, చకచకా ఎదుగుతుంది. పిల్లలూ అలాగే ఎదగాలని పసిబిడ్డల బట్టల మీద ఈ ఆకు నమూనా వేసేవారు. ఐదో ఇవాయ్ హన్‌షిరో అనే కబుకి నాటకాల నటుడు, ఆడ వేషాలకు పేరుపడ్డవాడు, దీన్ని రంగస్థలం మీద కట్టి ఎడో ఆడవాళ్లలో మోజు తెచ్చాడు. సినిమా తార కట్టిన చీరకు మన బజారులో గిరాకీ వచ్చినట్టే.

ఈ విద్య గురించి చెప్పేటప్పుడు హైదరాబాద్ సొమ్ముతో మొదలైన ఒక ఇంటి ముచ్చట వదిలేయలేను. పాండిచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ్ అనే వసతి గృహం ఉంది. ఆ పేరు మన గోల్కొండదే. హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ఇచ్చిన లక్ష రూపాయలు దాని నిర్మాణానికి ఆధారమయ్యాయి. నమూనా గీసింది టోక్యోలో ఆఫీసు నడిపిన ఆర్కిటెక్ట్ ఆంటోనిన్ రేమండ్. దగ్గరుండి కట్టించడానికి 1930ల చివర్లో ఆయన పంపినవాళ్లలో జార్జ్ నకషిమా అనే యువకుడు ఉన్నాడు. అమెరికాలో పుట్టిన జపాన్ సంతతివాడు. అరవిందులు ఆయనకు సుందరానంద అని పేరు పెట్టారు. గోల్కొండ్‌లో గదులకు టేకు బద్దల జరుపుడు తలుపులుంటాయి. గాలి వస్తుంది, లోపలి మనిషి మాత్రం కనిపించడు. నకషిమా అమెరికా తిరిగి వెళ్లాక యుద్ధం వచ్చింది. 1942లో అక్కడి పశ్చిమ తీరంలోని జపాన్ సంతతి ప్రజలను నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు, ఆయన్ను భార్యతో, పసిబిడ్డతో సహా ఐడహో ఎడారిలో మినిడోకా శిబిరంలో పెట్టారు. అక్కడ గెంటారో హికోగావా అనే వడ్రంగి తారసపడ్డాడు. జపాన్‌లో పాత పద్ధతిలో పని నేర్చినవాడు. పారేసిన చెక్కముక్కలు, ఎడారి పొదల కర్రలు ఏరుకుని ఆయన దగ్గర నకషిమా చేతిపనిముట్లు, అతుకులు నేర్చుకున్నాడు. భవనాలు గీసే చదువు చదివి, దేశదేశాలు తిరిగిన మనిషికి ఉలి పట్టే తీరు ముళ్లకంచె వెనక దొరికింది. తర్వాత ఆయన అమెరికాలో ఎంతో పేరున్న కలప పనివాడయ్యాడు. మినిడోకాలో దొరికిన గురువు సంగతి ఆయన ఎన్నడూ దాచలేదు.

సరే, లాంతరు దగ్గరికి వద్దాం. చట్రానికి నాలుగు నిలువు కాళ్లు, పైనా కిందా అడ్డపట్టీలు. అడ్డపట్టీ కొనను నాలుకలా చెక్కి, కాలికి అంతే బెజ్జం తొలిచి దిగ్గొట్టాలి. దిగ్గొట్టే ముందు జపాన్ వడ్రంగులు ఒక పని చేస్తారు. ఆ నాలుకను సుత్తితో మెల్లగా కొట్టి కాస్త అణగదొక్కుతారు. అణిగిన నాలుక బెజ్జంలోకి హాయిగా దూరుతుంది. తర్వాత గాలిలో తేమ పీల్చుకుని మళ్లీ ఉబ్బి పట్టేస్తుంది. కాళ్ల లోపలి వైపు పొడుగునా గాడి తీసి, జాలీలను పైనుంచి ఆ గాడిలోకి జారవిడిస్తే మంచిది. రేపు ఒక జాలీ పాడైతే అదొక్కటే తీసి మార్చుకోవచ్చు. వానాకాలం కోస్తాలో తలుపులు ఉబ్బి పట్టేసినట్టు ఈ జాలీ కూడా పట్టేయదా అని అడగవచ్చు. చెక్క ఉబ్బేది నారకు అడ్డంగా, నార పొడుగునా కాదు. బద్ద పొడవు మారదు. మూడు మిల్లీమీటర్ల మందంలో వచ్చే మార్పు లెక్కలోకి రాదు.

కాగితం మాత్రం లెక్కలోకి వస్తుంది. మామూలు తెల్ల కాగితం వేస్తే ఇంత పనీ వృథా. జపాన్ చేతి కాగితం, వాషీ, కోజో అనే చెట్టు బెరడు నారతో తయారవుతుంది. నారపోగులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి పలుచగా ఉన్నా చిరగదు. వెలుగు ఒకచోట గుచ్చుకోకుండా ఆ పోగుల మధ్య చెదిరి కాగితం అంతటా పాకుతుంది. గిఫు ప్రాంతంలో మినో అనే ఊరి కాగితం దీనికి పెట్టింది పేరు. 702వ సంవత్సరం నాటి జనాభా పట్టీ ఒకటి ఆ ప్రాంతపు కాగితం మీద రాసింది నారాలోని షోసోయిన్ భాండాగారంలో ఇప్పటికీ భద్రంగా ఉంది. మినోతో కలిపి మూడు ఊళ్ల కాగితం విద్యను యునెస్కో 2014లో వారసత్వ జాబితాలో చేర్చింది. శిల్పి ఇసాము నొగుచి 1951లో గిఫు వచ్చి, అక్కడి వెదురు చువ్వల కాగితం లాంతర్లు చూసి మొదలుపెట్టినవే అకారీ దీపాలు. ఇప్పుడు మన నగరాల్లో కాఫీ హోటళ్లలో వేలాడే గుండ్రటి కాగితం బుడగలన్నీ వాటి నకళ్లే.

అంటించడానికి ఫెవికాల్ వద్దు. బియ్యప్పిండి గానీ గోధుమపిండి గానీ పలుచగా ఉడికించిన జిగురు చాలు, మన సినిమా పోస్టర్ల వాళ్లు మైదా అని పిలిచే జిగురు లాంటిదే. కాగితానికి కాదు, చెక్కకు రాయాలి. కాగితం పరిచి, వేలితో సవరించి, ఆరనివ్వాలి. ముడతలున్నా కంగారు పడొద్దు. బాగా ఆరాక దూరం నుంచి సన్నటి తుంపరగా నీళ్లు చల్లి మళ్లీ ఆరబెడితే, కాగితం తనంతట తానే బిగుసుకుని ముడతలు పోతాయి. నీళ్లు ఎక్కువ చల్లితే ఆ బిగువుకు సన్న బద్దలే వంగుతాయి, జాగ్రత్త. ఉడికిన జిగురే ఎందుకంటే, కాగితం ఎప్పటికైనా పసుపు పట్టక, చిరగక మానదు. తడిగుడ్డతో అద్దితే ఆ జిగురు కరిగి కాగితం మొత్తం ఊడివస్తుంది, చెక్కకు మచ్చ కూడా ఉండదు. జపాన్ ఇళ్లలో ఏడాది చివర షోజీ కాగితాలు మార్చేది ఇలాగే. ఫెవికాల్‌తో అంటిస్తే ఉలితో గీకాలి, గీకితే 672 ముక్కల పని ఏమవుతుందో చెప్పక్కరలేదు.

కాగితం జాలీకి లోపలి వైపు వేస్తే బద్దలు నల్లటి గీతల్లా స్పష్టంగా కనిపిస్తాయి. బయటి వైపు వేస్తే బద్దల నీడ మాత్రమే కాగితం మీద మెత్తగా పడుతుంది. నా ఓటు లోపలి వైపుకే. అంత కష్టపడి చేసిన అతుకులను కాగితం వెనక దాచడం నాకు ఇష్టం ఉండదు. కానీ పాత షోజీ పద్ధతి బయటి వైపే, అదీ తప్పు కాదు. బల్బు వెచ్చటి రంగుది పెట్టండి. తెల్లటి బల్బు కింద పైన్ చెక్క పాలిపోయినట్టు కనిపిస్తుంది.

ఇది విని ఎవరికైనా చేతులు దురద పెడితే, నాదొక సలహా. లాంతరుతో మొదలుపెట్టకండి. ఉలి పదును పెట్టి, పైన్ బద్ద చివర మెరిసేలా కోయడం వచ్చేదాకా మిగతావి ముట్టుకోకండి. తర్వాత ఒక్క చదరం, ఏడు ముక్కలు. అది బిగిస్తే ఇంకో మూడు. దిమ్మలు చేసుకోవడం తెలియకపోతే మీ ఊళ్లో పెద్దవయసు వడ్రంగి దగ్గరికి వెళ్లండి. ప్లైవుడ్, సన్‌మైకా రాకముందు తలుపులు, కిటికీలు చేత్తో చేసినవాళ్లు ఇంకా ఉన్నారు. బొమ్మ చూపిస్తే దిమ్మ ఎలా చేయాలో వాళ్లే చెబుతారు. వెళ్లేటప్పుడు మీ ఉలి వెంట తీసుకెళ్లండి, ముందు అడిగేది అదే. ఇక లాంతరు పూర్తయ్యాక లోపల నిజం వత్తి వెలిగించాలని సరదా పుడుతుంది. వద్దు. ఎండిన పైన్ బద్దలు, నార కాగితం, రెండూ క్షణంలో అంటుకునేవే. మూడు, నాలుగు వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు, పైనా కిందా గాలి ఆడేంత ఖాళీ వదిలితే సరిపోతుంది.